పంతొమ్మిది నాళ్లు

చిత్తూరు కలెక్టరాఫీసులో
గడియారం కింద టేకుపలక.
ముందర దొరల పేర్లు, ఆ తర్వాత మనోళ్లవి,
పక్కన వొచ్చిన తేదీ, పోయిన తేదీ.
మా నాయన కన్నియప్ప ముప్పైయేండ్లు రాసినాడు.
ఆయన చెయ్యి వణకబట్టినాక నేను.

నాయనకు ఇంగ్లీషు రాదు.
అచ్చరాన్ని బొమ్మగా చూసి దించేవాడు.
"ఇది కొడవలి, ఇది నిచ్చెన,
ఇది ఒకదాని మింద ఒకటి రెండు కుండలు."
నాకు నేర్పిందీ అట్లనే.
ఇస్కూల్లో చదువుకోని మళ్లా వొచ్చి చూస్తే
కొడవళ్లు లేవు, నిచ్చెనలు లేవు,
వొట్టి మనుషులు మిగిలినారు.

రేత్రి ఆర్డరు వొస్తాది.
ఒక జీపు పోతాది, ఇంకో జీపు వొస్తాది.
తెల్లారి నాకు కబురు.
పోయినాయన తేదీ ముయ్యాల,
వొచ్చినాయన పేరు తెరవాల.
ఒకాయన పదకొండు నాళ్లే ఉన్నాడు.
ఎనామిలు ఇంకా ఆరలా.
కింద వరస రాస్తా ఉంటే
నా చొక్కా చేతికి అంటుకోనొచ్చినాడు.
మా ఇంటామె కిరసనాయిలు పోసి రుద్దింది,
"ఎవురీ మనిషి, పొమ్మన్నా పోడే!"

పలకకు ఎదురుగా గోడ మింద జిల్లా పటం.
అదీ మా చేతిపనే.
అరవైలో పొలిమేర మార్చినారు.
తిరుత్తణి ఆపక్కకు, సత్యవేడు ఈపక్కకు.
తిరుత్తణి మింద సున్నం పుయ్యమన్నారు నాయన్ని.
అది వాళ్లమ్మ పుట్టిల్లు.
రెండు పూతలేసినా అడుగున పచ్చరంగు తెలస్తానే ఉండె.
"ఇంకో పూత ఎయ్యి" అన్నాడు సిరస్తాదారు.
"సున్నం అయిపోయింది సామీ" అన్నాడు నాయన.
బకెట్టు సగానికి పైగా ఉంది సున్నం.

అవ్వ అడిగిందంట,
"ఆ గీత నా వాకిట్లో ముగ్గు మాదిరి ఉంటాదా?"
"లేదుమా, కంటికి అగపడదు."
"అగపడని ముగ్గు ఎవురు తొక్కినా చెరగదులే"
అనేసి వక్కాకు నోట్లో పెట్టుకునింది.
అన్న పెండ్లికి ఆపక్కకు పోయింది,
ఆయిటి దుక్కికి ఈపక్కకు వొచ్చింది.
ఏ కలెక్టరూ ఆమెకు అడ్డం రాలా,
ఏ కలెక్టరు పేరూ ఆమెకు తెలీదు.

మొన్న మొన్న జిల్లా మూడు ముక్కలైంది.
కొత్త గీతలకు నన్నే పిలిచినారు.
మదనపల్లె ఒకదాంట్లో, తిరపతి ఒకదాంట్లో.
మిగిలిందాన్ని దూరం జరిగి చూసినా,
పెనంలో అడుగంటిన బెల్లం ముక్క.
పిడికెడే.
గీకినా రాదు.

పలక మింద ఒక చోట
పోయినాయన తేదీకీ వొచ్చినాయన తేదీకీ నడాన
పంతొమ్మిది నాళ్లు ఖాళీ.
నాయన చేతి రాతే. ఎవురూ కనిపెట్టలా.
ఫైళ్లు తిప్పితే ఇంచార్జి ఎవురో ఉండే ఉంటాడు.
నేను తిప్పలా.
ఆ పంతొమ్మిది నాళ్లు ఈ సీమను ఎవురేలినారో
ఎండాకాలం మధ్యాన్నాల్లో, నిచ్చెన మింద నిలబడి
తలుచుకుంటా ఉంటా.
గానుగలు తిరిగే ఉంటాయి.
నగరి మగ్గాలు ఆడే ఉంటాయి.
పలమనేరు సంతలో టమాట పడీ లేసీ ఉంటాది.
ఎవురో ఒకడు శిస్తు ఎగ్గొట్టి
భయం లేకుండా నిద్రపోయి ఉంటాడు.
నీవానది ఎవుర్నీ అడక్కుండా పొలిమేర దాటి,
ఆపక్కన పొన్నైతో కలిసి,
అరవం మాట్లాడి ఉంటాది.

పలక నిండిపోయింది.
కింద ఒక్క వరసకే చోటు.
నిన్న ఆ వరసలో కొత్తామె పేరు రాసేసి
కుంచె కడగబోతా ఆగినా.
డబ్బా అడుగున నాయన నాటి పచ్చరంగు,
పెచ్చు కట్టింది, కింద ఇంకా తడి.
పంతొమ్మిది నాళ్ల సందులో
ఆవగింజంత చుక్క పెట్టినా.
తిరుత్తణి పచ్చ.

కలెక్టరమ్మ లోపలికి వొచ్చి
గడియారం చూసింది, పలక చూసింది.
"ఆరిందా?" అనింది.
"ఇంకా లేదుమా" అన్నా.